జీర్ణోద్ధరణము – నిత్యోపయోగము

శిథిలమైన దానిని మరల నిలువబెట్టుటకు మన పెద్దలు జీర్ణోద్ధరణమని పేరిడిరి. దేవాలయమునకు, మఠమునకు, చెరువునకు, బావికి ఈ మాట సమానముగా చెల్లుచు వచ్చినది. గండిపడిన చెరువుకట్టను పూడ్చినవాడు అది చూడముచ్చటగా నుండవలెనని పూడ్చలేదు. కట్టక్రింది మడులు తడియవలెనని పూడ్చెను. పూడిపోయిన బావిని త్రవ్వించినవాడు దాని రాతిచుట్టు అందమును గాక, దప్పిగొన్నవాని చేదను తలచుకొనెను. కనుక ఉద్ధరణమను మాటలోనే ఉపయోగమను భావము ఇమిడియున్నది. వాడుకకు రాని ఉద్ధరణము అలంకారము మాత్రమే యగును.

ఈ భావమును పరీక్షించుటకు దేవాలయముకంటె, చెరువుకంటె చాల సామాన్యమైన వస్తువు నొకదానిని తీసికొనవచ్చును. అది అమెరికా దేశపు పాత పికప్ బండి. ముందు ముగ్గురు కూర్చుండదగిన గది, వెనుక బరువులు వేసికొనుటకు పైకప్పు లేని తొట్టి గల చిన్న సరకుల మోటారును ఆ దేశీయులు పికప్ అని పిలుతురు. తొలినాళ్లలో అచ్చటి రైతులు, చిల్లర వర్తకులు కారు వెనుకభాగమును తొలగించి తామే చెక్కపెట్టె బిగించుకొనెడివారు. ఆ అవసరమును గుర్తించి 1925 లో ఫోర్డు సంస్థ తన టి-నమూనా బండికి కర్మాగారములోనే తొట్టి నమర్చి 281 డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1947 లో షెవ్రొలె సంస్థ గుండ్రని ముఖము, ఉబ్బిన బురదరేకులు గల క్రొత్త పికప్ బండ్లను వెలువరించెను. 1955 తొలి మాసముల వరకు ఆ వరుస కొనసాగినది. గడ్డి, పాలకుండలు, ఇటుకలు, పందిపిల్లలు మోసిన ఆ బండ్లలో నేటికిని మిగిలియున్నవి అనేకములు కలవు. ఇప్పుడు వాని వయస్సు డెబ్బది ఏండ్లకు పైమాటయే.

అట్టి బండి నొకదానిని వెదకి కొని, బాగుచేసి, పండుగలకు మాత్రమే గాక ప్రతిదినము పనికి నడుపవలెనని ఒక గృహస్థుడు సంకల్పించెననుకొందము. అతడు అమెరికా ఉత్తరభాగమున నొక చిన్న పట్టణమున నుండువాడు. పని చేయు స్థలము ఇరువది మైళ్ల దూరమున నున్నది. ఇంట భార్య, పదేండ్ల కుమార్తె కలరు. బాల్యమున తాతతో అట్టి బండిలో కూర్చుండి ధాన్యపు కొట్టుకు పోయిన జ్ఞాపక మొక్కటి అతని హృదయమున మిగిలియున్నది. అతని కోరిక దోషమైనది కాదు. కాని ఆ కోరిక బాటపై కెక్కిన క్షణమున అది అతని యొక్కని దిగా నుండదు. ఆ బాటపై నితరులు నడచుచున్నారు. ఈ చిన్న విషయమున దాగిన పెద్ద ప్రశ్న యిదియే: పాతదానిపై ప్రేమ ఎంతవరకు న్యాయము? ఎచ్చట నుండి అది అన్యాయము?

సంకల్పము

ఏ కార్యమునకైనను మొదట సంకల్పము స్పష్టము కావలెను. బండిని ప్రదర్శనకు బాగుచేయుట వేరు, ప్రయాణమునకు బాగుచేయుట వేరు. ప్రదర్శనకైనచో ప్రతి మరయు కర్మాగారము నుండి వెడలిన నాటి రూపమున నుండవలెను; రంగు అదియే కావలెను; తీగలపై చుట్టిన వస్త్రము సహితము అట్టిదే కావలెను. అట్టి బండి ఇంటి షెడ్డులో దుప్పటి క్రింద నిదురించి, సంవత్సరమున నాలుగు మారులు వెలికి వచ్చి, అందరి మెప్పు పొంది మరల లోనికి పోవును. ప్రయాణమునకైనచో వాన, ఎండ, మంచు, రద్దీ, ఆకస్మికముగా నడ్డము వచ్చు బాలుడు – వీనినన్నిటిని అది ఎదుర్కొనవలెను.

చట్టములు గూడ ఈ భేదమును గుర్తించినవి. భారతదేశమున 2021 లో వెలువడిన నిబంధనల ననుసరించి ఏబది ఏండ్లు దాటి, మౌలికరూపము చెడక యున్న వాహనములకు ప్రత్యేకమైన నమోదు, సంఖ్యలో 'వి.ఎ.' అను అక్షరములు లభించును. కాని వానిని నిత్యప్రయాణమునకు గాని వ్యాపారమునకు గాని నడుపరాదు. అమెరికాలో రాష్ట్రమునకొక నిబంధన యున్నను, పాత బండ్ల కిచ్చు ప్రత్యేక ఫలకము అనేక రాష్ట్రములలో ఉత్సవములకు, ప్రదర్శనలకు, అరుదైన విహారములకు మాత్రమే పరిమితము. ప్రతిదినము నడుప గోరువాడు తక్కిన బండ్లవలెనే సాధారణమైన నమోదు చేయించుకొనవలెను. చట్టము చెప్పక చెప్పుచున్న మాట యిది: పూర్వరూపమును పూజించువానికి మినహాయింపు కలదు, పరులతో కలిసి బాట పంచుకొనువానికి బాధ్యత కలదు. రెండింటి ఫలమును ఒకేసారి కోరుట తగదు. తక్కువ రుసుము కొరకు ప్రదర్శన ఫలకము తగిలించి ప్రతిదినము పనికి పోవువాడు, బండి నుద్ధరింపక మునుపే తన మాటను శిథిలము చేసికొన్నవాడగును.

అన్వేషణము

వెదకుటలో మొదటి శత్రువు త్రుప్పు. ఇంజను చెడినచో మరియొకటి దొరకును. దీపము పగిలినచో కొనవచ్చును. ఇనుము తినివేయబడినచో బండియే మిగులదు. ఉత్తర రాష్ట్రములలో శీతకాలమున మంచు కరుగుటకై బాటలపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు గది అడుగు రేకులను, తలుపుల క్రింది అంచులను, గది వెనుక మూలలను లోలోపల నుండి కొరికివేయును. అరిజోనా, న్యూమెక్సికో వంటి ఎండదేశములలో బండ్ల ఇనుము గట్టిగా నిలుచును గాని, అచ్చటి సూర్యుడు రబ్బరును, ఆసనముల గుడ్డను భస్మము చేయును. ఇనుము చెడినదానికంటె రబ్బరు చెడినది మేలని అనుభవజ్ఞుల మాట.

పైరంగు మెరయుచున్న బండి మరింత ప్రమాదకరమైనది. త్రుప్పు తిన్న చోట లప్పము నింపి, సానపట్టి, నిగనిగలాడు రంగు పూసిన యెడల కన్ను పట్టలేదు. అందుచేత తెలిసినవాడు చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకు వెంబడి జరుపుచు పోవును. ఇనుమున్న చోట అది అంటుకొనును. లప్పమున్న చోట జారిపోవును. పిదప నేలపై వెల్లకిల పరుండి చాసీ దూలములను, గదిని మోయు కమ్ములను సుత్తితో మెల్లగా తట్టి వినును. పత్రములను చూచుట అంతకన్న ముఖ్యము. ఆ దినములలో కొన్ని చోట్ల ఇంజను సంఖ్యనే యాజమాన్య పత్రమున వ్రాసెడివారు. నడుమ ఎవరైన ఇంజను మార్చియున్నచో పత్రము ఒక సంఖ్యను, బండి మరియొక సంఖ్యను చెప్పును. ఆ చిక్కును విప్పుకొనక ధనము చెల్లించినవాడు బండిని గాక వివాదమును కొన్నవాడగును.

ఇచ్చటనే మరియొక ధర్మసందేహము కలుగును. అమ్మువాడు లోపమును దాచుట తప్పని అందరును అందురు. కొనువాడు విలువను దాచుట మాట యేమి? కొట్టములో గడ్డివాము ప్రక్కన ముప్పది ఏండ్లుగా కదలని బండిని, భర్తను గోల్పోయిన ఒక వృద్ధురాలు పాత ఇనుము ధరకు ఇచ్చివేయుటకు సిద్ధపడవచ్చును. దాని వెల పదిరెట్లని గృహస్థునికి తెలియును. నోరు మెదపక కొనవచ్చునా? రోమకులలో సిసెరో క్రీ.పూ. 44 లో ధర్మములను గూర్చి వ్రాసిన గ్రంథమున ఇట్టి చర్చయే కలదు. కరవులో నున్న రోడ్సు ద్వీపమునకు ధాన్యపు ఓడతో వచ్చిన వర్తకుడు, తన వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచున్నవని కొనువారికి తెలుపవలెనా అన్నది ప్రశ్న. డయోజినీసను తాత్త్వికుడు, లోపము చెప్పుటకు చట్టము విధించినంతవరకు చెప్పిన చాలుననెను. ఆంటిపేటరు, కొనువానికి తెలియనిది అమ్మువానికి తెలిసియుండరాదనెను. సిసెరో రెండవ పక్షమునే సమర్థించెను. అచ్చట తెలిసినవాడు అమ్మువాడు, ఇచ్చట కొనువాడు, న్యాయము మారదు. ఆ వృద్ధురాలికి బండి విలువ తెలిపి, తాను బాగుచేయుటకగు వ్యయమును గూడ చెప్పి, ఇరువురకు సమ్మతమైన ధర నిర్ణయించుకొన్న గృహస్థుడు కొంత ధనమును గోల్పోవును. కాని ప్రతి ఉదయము ఆ బండి తలుపు తెరచునపుడు తల దించుకొనవలసిన యవసరము అతనికి కలుగదు. అబద్ధముపై కొన్నదానిని ఎంత మెరుగుపెట్టినను అది జీర్ణోద్ధరణము కానేరదు.

ఏది ఉంచవలెను? ఏది మార్చవలెను?

బండి ఇంటికి చేరినది. ఇప్పుడసలైన ప్రశ్న. పాత బండి యందు సౌకర్యములేమి? గాలి చల్లబరచు యంత్రము లేదు. చుక్కాని త్రిప్పుటకు భుజబలము కావలెను. గేరు మార్చుటలో మెలకువ కావలెను. కుదుపు అధికము. ఇంజను శక్తి సుమారు 90 అశ్వశక్తులు మాత్రమే. ఇవియన్నియు కష్టములే. మరికొన్ని కష్టములు వేరు జాతికి చెందినవి: బ్రేకులు, దీపములు, ఇంధనపు తొట్టి, నడుముపట్టీలు. ఈ రెండు జాతులను విడదీయుటకు ఒక్క సూత్రము చాలును. ఆ లోపముచే కలుగు కష్టము ఎవరిది? నడపువాని దైనచో, ప్రేమకొలది ఉంచుకొనవచ్చును. పరులదైనచో, దానిని ఉంచుకొను అధికారము అతనికి లేదు.

బ్రేకుల మాట చూడుడు. ఆ బండిలో కాలితో నొక్కినపుడు చోదకుని పాదముల క్రింద నేలరేకు అడుగున నుండు ఒకే బ్రేకు సిలిండరు నుండి ద్రవము నాలుగు చక్రములకు పోవును. నాలుగింటికి దారి ఒక్కటియే. ఎచ్చటనో ఒక గొట్టము చిట్లినను, ఒక రబ్బరు బిళ్ల చినిగినను, ఒత్తిడి అంతయు అచ్చటనే కారిపోయి నాలుగు చక్రములును ఒకేసారి పట్టు విడుచును. అటుపిమ్మటి కాలమున ఈ మార్గమును రెండుగా విభజించిరి. ఒకటి చెడినను రెండవది సగము బలముతోనైనను నిలుపును. అమెరికాలో 1967 నమూనాల నాటికి ఈ పద్ధతి వ్యాపించినది. పాత బండికి ఈ జంట సిలిండరును అమర్చుట నేడు కష్టసాధ్యము కాదు. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు బిగించు సామగ్రియు దొరకును. మూలరూపము చెడునని దీనిని నిరాకరించువాడు ఎవరి ప్రాణమును పణముగా పెట్టుచున్నాడు? పాఠశాల ముందు బాట దాటుచున్న బాలుడు ఆ మూలరూపమును కోరలేదు. దానిని గూర్చి వానికి తెలియనే తెలియదు. తెలియనివాని ప్రాణముతో తన రుచిని తీర్చుకొనుట ఏ లెక్కను జూచినను దోషమే.

దీపములును అట్లే. ఈ వరుస బండ్లలో పెక్కింటికి కర్మాగారము ఎడమవైపున ఒక్క వెనుకదీపమునే ఇచ్చెను. కుడివైపుది అదనపు వెల చెల్లించినవారికి. ఎటు తిరుగుచున్నదో తెలుపు దీపములు తొలి బండ్లలో లేవు. చోదకుడు కిటికీ నుండి చేయి చాపెడివాడు. నేటి చోదకులలో ఆ చేతి సంజ్ఞ నెరిగినవారు అరుదు. సంజ్ఞ చేసినవానికి అర్థమైన చాలదు, వెనుక వచ్చువానికి అర్థము కావలెను. కావున రెండవ దీపము, దిశాసూచక దీపములు తప్పనిసరి. 1949 తరువాత చాలకాలము వరకు ఇంధనపు తొట్టిని ఆసనము వెనుకనే, గదిలోపల ఉంచిరి. దానిని వెనుక చాసీ దూలముల నడుమకు మార్చుట వివేకము.

వేగము మాట కొంత సూక్ష్మమైనది. ఆ బండి వెనుక ఇరుసులోని పండ్ల నిష్పత్తి 4.11. అనగా చక్రము ఒకమారు తిరుగుటకు ఇంజను నాలుగుమార్లకు పైగా తిరుగవలెను. దాని మొదటి చక్రముల కొలతతో లెక్కించిన యెడల గంటకు 60 మైళ్లు, అనగా సుమారు 96 కిలోమీటర్లు, పోవునపుడు ఇంజను నిమిషమునకు దాదాపు 2,900 మార్లు తిరుగును. 1954 కు ముందటి ఈ ఇంజనులలో కడ్డీల మెత్తని లోహపు అమరికలకు పూర్తి ఒత్తిడితో నూనె పోదు. చిమ్ముడు పద్ధతిపై అవి ఆధారపడియుండును. అంతటి వేగముతో గంటలకొలది పోవుట దానికి హాని. ఇది ఆ యంత్రము దోషము కాదు. అంతర్రాష్ట్ర మహామార్గముల చట్టము 1956 లో వచ్చినది. బండి అంతకు ముందటిది. అది ఎరుగని బాటపై దానిని తోలి, సరిగా పోలేదని నిందించుట అన్యాయము. నెమ్మదిగా పోవుట నడపువాని కష్టమే గదా, ఉంచుకొనవచ్చును గదా అని అడుగవచ్చును. మహామార్గముపై నైనచో ఆ నెమ్మది వెనుకవారికి ప్రమాదము. ఊరి నడుమ పాత బాటపై నైనచో అది అతని కాలవ్యయము మాత్రమే. ఒకే గుణము స్థలమును బట్టి నిర్దోషమగును, సదోషమగును. కావున మన గృహస్థుడు ఇరువది మైళ్లను పాతబాట వెంబడి పోవుటకు నిశ్చయించుకొని, పావుగంట ముందుగా లేచుటకు సిద్ధపడవలెను. పాతదానిపై ప్రేమకు అతడు చెల్లించు న్యాయమైన సుంకము ఆ పావుగంటయే.

ఇక మిగిలినది అన్నిటికన్న కష్టమైన సందర్భము: పదేండ్ల కుమార్తె. ఆమె బాటపై నడచు అపరిచితురాలు కాదు, నడపువాడును కాదు. తండ్రి జ్ఞాపకములో తాత ప్రక్కన కూర్చున్న బాలుని స్థానమున ఇప్పుడామె కూర్చుండవలెను. ఆ కోరికయే ఈ సంకల్పమునకు మూలము. కాని ఆనాటి ఆసనమునకు నడుముపట్టీలు లేవు. భుజమును, నడుమును కలిపి పట్టు మూడు కొనల పట్టీని వోల్వో సంస్థలో నీల్స్ బోలీన్ రూపొందించినది 1959 లో. పాత గదికి పట్టీలు బిగించవచ్చును. కాని త్రుప్పు తిన్న పలుచని రేకునకు బిగించిన పట్టీ రక్షణ కాదు, రక్షణయను భ్రాంతి. క్రింద గట్టి ఉక్కు పలక వేసి, చాసీ బలముతో కూర్చి, తెలిసినవానిచే పరీక్షింపజేయవలెను. అంతవరకు ఆ బాలిక బండి ఎక్కరాదు. తండ్రికి అది బాధాకరము. బిడ్డ ఎక్కెదనని మారాము చేయవచ్చును. తాతకాలమున ఎవరికిని ఏమియు కాలేదను మాట అతని నాలుక చివర నుండవచ్చును. ఏమియు కానివారు మాత్రమే ఆ మాట చెప్పుటకు మిగిలియున్నారని అతడు తెలిసికొనవలెను.

మార్చినపిదప అది అదియేనా?

ఇన్ని మార్పులు చేసిన తరువాత అది పాత బండి యనిపించుకొనునా యను ఆక్షేపణము కలదు. ఇది ప్రాచీనమైన చిక్కు. థీసియసు ఓడ పలకలు ఒక్కొక్కటిగా మార్చబడగా, అది ఆ ఓడయేనా కాదా యని ఏథెన్సు తాత్త్వికులు వాదించిరని ప్లూటార్కు వ్రాసెను. తొలగించిన పాత పలకలన్నియు ఎవడైన కూర్చి మరియొక ఓడ కట్టినచో ఏది నిజమైనదని పదునేడవ శతాబ్దమున హాబ్సు మరియొక ముడి వేసెను. మన దేశమున మిళిందపఞ్హమను బౌద్ధగ్రంథమున నాగసేనుడు యవనరాజును రథమును గూర్చి ప్రశ్నించెను. ఇరుసు రథమా? చక్రములు రథమా? కాడి రథమా? విడివిడిగా ఏదియు కాదు. అన్నియు కూడి పనిచేయునపుడు వాడుకచే ఏర్పడిన పేరే రథమని అచ్చటి సమాధానము. పల్లెలలో ఎడ్లబండి గలవాడు ఈ వాదము వినకయే ఇట్లే నడచుకొనెను. చక్రమునకు ఆకులు మార్చెను, ఇనుప పట్టా క్రొత్తది ఎక్కించెను, ఇరుసు మార్చెను. అయినను అది మా తాతగారి బండియే యనెను. అతని మాటలో అబద్ధము లేదు.

అబద్ధము ఎచ్చట ప్రవేశించును? మార్చి, మార్చలేదని చెప్పిన చోట. ఆంగ్ల రచయిత రస్కిన్ 1849 లో కట్టడములను గూర్చి వ్రాయుచు, పునరుద్ధరణ మనబడునది నాశనమే యనియు, అసత్యమే యనియు తీవ్రముగా ఖండించెను. ఆ భావములచే ప్రభావితుడైన విలియం మోరిస్ 1877 లో ప్రాచీన కట్టడముల రక్షణకై స్థాపించిన సంఘము, పాతదానికి నకలు రూపము కల్పించుటకంటె ఎప్పటికప్పుడు మరమ్మతు చేయుటయే మేలని పలికెను. ఈ హితవు బండికిని వర్తించును. చేసిన మార్పు ఎల్ల వీలైనంతవరకు తిరిగి విప్పదగినదిగా నుండవలెను. కొత్త బ్రేకు బిగించుటకై పాత చాసీని కోయుటకంటె, ఉన్న రంధ్రములకే బిగించుట మేలు. తీసిన భాగములను పారవేయక, నూనె పూసి, పేరు వ్రాసి భద్రపరుపవలెను. ఏది ఎప్పుడు ఎందుకు మార్చబడినదో ఒక పుస్తకమున వ్రాసి బండితోపాటు ఉంచవలెను. రేపు కొనువానికి ఆ పుస్తకము నందించువాడు కపటము లేనివాడు. పాత రంగుపై అరిగిన గీతలను, తొట్టి చెక్కలపై పడిన దెబ్బలను చెరపక యుంచుటయు ఒక సత్యమే; అది ఆ బండి మోసిన బరువుల జాబితా.

గాలి, ధూళి

పాతకాలమంతయు పవిత్రమను భ్రమ తొలగుటకు ఇంధనచరిత్ర యొక్కటి చాలును. ఇంజను తట్టుకొట్టుడు అణచుటకు పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపవచ్చునని 1921 లో అమెరికాలో కనుగొనిరి. ఆ సీసము దశాబ్దముల తరబడి బాలుర రక్తమున చేరి వారి బుద్ధిని కుంటుపరచినది. అమెరికా బాటలపై అది పూర్తిగా నిషేధింపబడినది 1996 లో, భారతదేశమున 2000 లో. మోటారు బండ్లకు దానిని చిట్టచివర మానిన దేశము అల్జీరియా, 2021 లో. నేటి సీసము లేని ఇంధనముతో ఆ పాత ఇంజను నడచును. అధికభారముపై నడపువాడు కవాటములకు గట్టి లోహపు పీఠములు వేయించుకొనుట మేలు. పాత బ్రేకు చెప్పులలో రాతినార యుండెడిది. ఆ పొడిని గాలితో ఊదక, తడిగుడ్డతో తుడిచి మూటగట్టి తొలగింపవలెను. లేనిచో మరమ్మతు చేయువాని ఊపిరితిత్తులే మూల్యము చెల్లించును.

పొగ మాట ఇంకను మిగిలియున్నది. అమెరికా కార్లలో పొగను శుద్ధిచేయు ఉత్ప్రేరక పరికరము 1975 నమూనాల నుండి వ్యాపించినది. మన బండి అంతకు ఇరువది ఏండ్లు ముందటిది. క్రొత్త బండి తయారగుటకు ఇనుము, విద్యుత్తు వ్యయమగును గనుక పాతది వాడుటయే ప్రకృతికి మేలని కొందరందురు. అందులో కొంత నిజమున్నది, పూర్తి నిజము లేదు. ప్రతిదినము నడచు పెట్రోలు బండి జీవితకాలమున చేయు హానిలో తయారీ కంటె ఇంధనముదే పెద్ద భాగము. కనుక ఈ ఒక్క చోట మన సూత్రము పూర్తిగా నెరవేరదు. పరులపై పడు భారము కొంత మిగులును. దానిని లేదని బుకాయించుట కంటె తగ్గించుకొనుట యుక్తము: ఇంజనును సరిగా శ్రుతిచేయించుట, దాని లోపలి ఆవిరులను బయటకు విడువక తిరిగి మండించు కవాటము నమర్చుట, ఊరక తిరుగుట మానుట. 2021 లో ఫోర్డు సంస్థయే 1978 నాటి ఎఫ్-100 బండికి విద్యుత్ యంత్రము లమర్చి ప్రదర్శించినది. ఆ మార్గమును ఎంచుకొన్నవాడు ఇంజను ధ్వనిని గోల్పోవును, గాలికి మేలు చేయును. ఏది వదలుకొనవలెనో అతడే తూచుకొనవలెను. తూచవలసినదే లేదనుట మాత్రము తగదు.

ఇంటి లెక్క

చివరిది ఇంటి లెక్క. ఇట్టి పనులలో మొదట వేసిన అంచనా నిలుచుట అరుదు. ఒక మర విప్పినచో పది లోపములు వెలువడును. సాయంకాలములు, ఆదివారములు షెడ్డులోనే గడచును. ఆ కాలము అతని దొక్కని ది కాదు. భార్యకు, బిడ్డకు చెందిన భాగము అందున్నది. కావున సంకల్పించునాడే మూడు మాటలు భార్యతో కూర్చుండి స్థిరపరచుకొనవలెను: ఎంత ధనము, ఎంత కాలము, ఏ స్థితిలో విరమించుట. మూడవ మాట చెప్పుకొనుటకు అందరును సంకోచింతురు. చాసీ దూలము త్రుప్పుచే విరుగునట్లున్నచో, ఎంత ప్రేమయున్నను ఆ బండి బాటకు తగదు. దాని మంచి భాగములు మరి నాలుగు బండ్లను బ్రదికించును. ఓటమి నంగీకరించుట యందును ఒక ఉద్ధరణము కలదు.

పని వరుసయు ఈ బుద్ధినే చాటవలెను. మొదట ఇనుము, తరువాత బ్రేకులు, చుక్కాని, చక్రములు, పిదప తీగలు, దీపములు, ఆ తరువాత ఇంజను, చిట్టచివర రంగు. చాలమంది దీనిని తలక్రిందులు చేయుదురు. రంగును చూచి ఇరుగుపొరుగు మెచ్చుకొందురు. కొత్త బ్రేకు గొట్టమును ఎవరును చూడరు. చూడనిచోట చేసిన పనియే మనుష్యుని నిజమైన కొలత.

ఇట్లు రెండు మూడేండ్లు గడచిన పిదప ఒక ఉదయము ఆ బండి షెడ్డు వెలుపలికి వచ్చును. రంగు అక్కడక్కడ వెలిసియే యున్నది. వెనుక రెండు దీపములు వెలుగుచున్నవి. గృహస్థుడు ఖాళీ బాటపై బ్రేకును ఒకటికి పదిమార్లు నొక్కి చూచుకొనును. అటుపిమ్మట బాలికను ప్రక్కన కూర్చుండబెట్టి, పట్టీ బిగించి, దానిని ఒకమారు గట్టిగా లాగి పరీక్షించి, పాతబాట వెంబడి ధాన్యపు కొట్టుకు బయలుదేరును. వెనుక వచ్చు త్వరగలవానికి దారియిచ్చుటకై ప్రక్కకు ఒదుగును. తొట్టిలో రెండు బస్తాలు వేసికొని తిరిగి వచ్చును. ఆ బండి మరల బరువు మోసినది. ఆ బరువును పరులపై వేయలేదు. జీర్ణోద్ధరణమునకు ఇంతకు మించిన ఫలము లేదు.